పాత స్పోర్ట్స్ కారు కొనాలా? బ్రిటిష్‌దా, జర్మన్‌దా తేల్చుకునే ముందు

మొదటిసారి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు చూడటానికి వెళ్లినప్పుడు నా జేబులో ఫ్రిజ్ తలుపుకి అతికించే అయస్కాంతం ఒకటుంది. బర్మింగ్‌హామ్ శివార్లలో ఒక ఇంటి ముందు ఎర్ర కారు. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. తలుపు కింద పట్టీ మీద అయస్కాంతం పెట్టి వేలు తీశాను. జారి కింద పడింది. జానెడు పక్కకి జరిపి పెట్టాను. మళ్లీ పడింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. అమ్మే ఆయన ఆకాశం వైపు చూసి వాన పడేలా ఉందన్నాడు.

ఆ కారు కొనలేదు. తర్వాత కొన్న కారు దగ్గర ఇంకో పొరపాటు చేశాను, అది చివర్లో చెబుతాను.

ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో అమెరికాలోనో స్థిరపడి, ఇంటి అప్పు ఒక దారికొచ్చాక పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడే మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే: బ్రిటిష్ కారు మేలా, జర్మన్ కారు మేలా? రెండూ ఏడిపిస్తాయి. కాకపోతే బ్రిటిష్ కారు తరచూ, కొంచెం కొంచెంగా ఏడిపిస్తుంది. స్పానర్ పట్టడం వచ్చినవాళ్లు ఆదివారం పొద్దున కూర్చుని సరిచేసుకోవచ్చు. జర్మన్ కారు ఏళ్ల తరబడి నోరు మెదపకుండా నడిచి, ఒకరోజు పెద్ద బిల్లు చేతిలో పెడుతుంది. ఈ రెండింట్లో మీరు ఏది ఓర్చుకోగలరో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

నిజానికి ఈ కార్లు మనకి మరీ పరాయివి కావు. ఎంజీబీలో ఉన్న 1798 సీసీ ఇంజిన్, మన అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, రెండూ బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ కుటుంబమే. అంబాసిడర్ మీద చేయి తిరిగిన పాత మెకానిక్ ఎంజీబీ బానెట్ ఎత్తితే చుట్టాలింటికి వచ్చినట్టే ఉంటుంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు పేరు ట్రయంఫ్ హెరాల్డ్. దాని చాసిస్‌నే కురచ చేసి మార్చి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కట్టారు. బ్రిటిష్ కార్లకి కరెంటు సామాను చేసిన లూకాస్ మనకి లూకాస్-టీవీఎస్‌గా తెలుసు. జర్మన్ కార్లకి ఆ పని చేసిన బాష్ మన లారీ షెడ్డుల్లో మైకో.

## ముందు వేటిని చూడాలి

అన్నిటికంటే ముందు తుప్పు. రెండోది కూడా తుప్పే అని రాయాలనిపిస్తోంది. ఇంజిన్ పోతే విప్పి బాగుచేయించవచ్చు, ఎంత అవుతుందో ముందే అంచనా వేయవచ్చు. బాడీ అలా కాదు. పైన రూపాయంత బుడిపె కనిపిస్తే లోపల పళ్లెమంత కన్నం ఉంటుంది. కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, రంగు వేయించేసరికి కారు ధర దాటిపోవచ్చు. 1960ల బ్రిటిష్ కార్లకి తుప్పు నుంచి రక్షణ దాదాపు లేదనే చెప్పాలి. జర్మన్ కార్లు మేలనుకుంటాం కానీ ఆ కాలపు పోర్షే, బెంజ్‌లదీ అదే కథ. 1976 మోడల్ నుంచి పోర్షే 911 బాడీకి జింకు పూత రేకు వాడటం మొదలుపెట్టారు. తేడా అక్కడే వచ్చింది. ఆ పూత ఉన్న కార్లు కూడా యాక్సిడెంట్ అయి సరిగా బాగుచేయకపోతే తుప్పు పడతాయి.

తర్వాత స్పేర్ పార్ట్స్. ఇందులో బ్రిటిష్ కార్లకి తిరుగులేదు. ఎంజీబీకి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీ షెల్ చేసి అమ్ముతోంది. అంటే తుప్పు మొత్తం తినేసినా కారుని మళ్లీ పుట్టించవచ్చు. పోర్షే, మెర్సిడెస్ కంపెనీలు తమ పాత కార్లకి ఇప్పటికీ విడిభాగాలు అమ్ముతాయి. దొరుకుతాయా అని బెంగ అక్కర్లేదు, ధర విన్నాక కాసేపు కూర్చోవాలి.

మూడోది, రిపేరు ఎవరు చేస్తారు. బ్రిటిష్ కార్లకి మీరే చేసుకోవచ్చు, లేదా ఇంగ్లండ్‌లో ఊరికొక పెద్దమనిషి దొరుకుతాడు. గాలితో చల్లబడే పోర్షే ఇంజిన్, బెంజ్ మెకానికల్ ఇంజెక్షన్ తెలిసినవాళ్లు తక్కువ, వాళ్ల అపాయింట్‌మెంట్ దొరకడం ఇంకా కష్టం.

ఇక కాగితాలు. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇప్పటికీ ఉందా, రంగు అప్పటిదేనా అన్నది కొన్ని కార్లలో ధరని తారుమారు చేస్తుంది. ఎంజీబీకి ఇంజిన్ మారినా పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 911కి, జాగ్వార్ ఈ-టైప్‌కి, మెర్సిడెస్ పగోడాకి అలా కుదరదు. ఎంజీ, ట్రయంఫ్ కార్లకి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం, జాగ్వార్‌కి జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఫ్యాక్టరీ రికార్డు చూసి సర్టిఫికెట్ ఇస్తాయి. బెంజ్‌కి, ఫ్యాక్టరీలో ఏమేం బిగించారో రాసిన డేటా కార్డ్ ఉంటుంది. అమ్మేవాళ్లు "నంబర్లన్నీ కలుస్తాయండీ" అంటే సరే అనకండి, కాగితం అడగండి.

## తక్కువ ఖర్చులో: ఎంజీబీ, స్పిట్‌ఫైర్

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైంది, 5 లక్షలకి పైగా. అందులో ఎక్కువ భాగం అమెరికాకే పోయాయి. అందుకని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి ఇది దొరకని వస్తువేం కాదు. కాలిఫోర్నియాలో పొడి గాలికి ఉన్న కారుని ఇంగ్లండ్ వాళ్లే వెనక్కి తెప్పించుకుంటారు.

ఇందులో చూడాల్సింది సిల్. తలుపు కింద కారు పొడవునా పెట్టెలా వెళ్లే రేకు అది. ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు, పై కప్పు లేని మోడల్‌లో బరువంతా ఈ పెట్టె మీదే. పరీక్ష తేలిక. కారుని ఒక పక్క జాకీతో కొంచెం లేపి తలుపు తీసి వేయండి. మామూలుగా పడితే సరే. తలుపు పట్టేసినా, సందు కురచయిపోయినా కారు నడుము వంగుతోందని అర్థం. పైపై పట్టీ మార్చి లోపలి పొరలు వదిలేసిన కార్లు చాలా ఉన్నాయి. "సిల్స్ కొత్తవే" అంటే లోపలివి కూడానా అని అడగండి, పని జరిగేటప్పుడు తీసిన ఫోటోలు అడగండి.

1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్లు తీసేసి నల్ల రబ్బరు బంపర్లు పెట్టారు, కారు ఎత్తూ పెంచారు. దాంతో వంపుల్లో ఒళ్లు ఊగుతుంది. అందుకే రబ్బరు బంపర్ కారు చవక. నడపడానికే కొంటుంటే అది తీసుకుని ఎత్తు తగ్గించుకోవచ్చు. ఓవర్‌డ్రైవ్, అంటే పై గేరులో ఇంజిన్ వేగం తగ్గించే ఏర్పాటు, ఉన్న కారే చూడండి. అది లేకపోతే మోటర్‌వే మీద ఇంజిన్ అరుపుకి పక్కవాళ్ల మాట వినపడదు. 1967కి ముందు కార్లలో కరెంటు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలుపుతారు. ఈ సంగతి మరచి బ్యాటరీ తిరగేసి పెట్టిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ని.

స్పిట్‌ఫైర్ ఇంకా చవక, ఇంకా చిన్నది. ముందు భాగం మొత్తం బానెట్‌తో కలిసి ముందుకి లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. నేర్చుకోవడానికి దీన్ని మించిన బడి లేదు. పొడగరులు మాత్రం కూర్చుని చూశాకే నిర్ణయించుకోండి.

ఈ ధరలో జర్మనీ నుంచి చెప్పుకోదగ్గది పోర్షే 914. ఫోక్స్‌వాగన్‌తో కలిసి 1969 నుంచి 1976 దాకా చేశారు, ఇంజిన్ మధ్యలో ఉంటుంది. నడపడానికి హాయి. కానీ బ్యాటరీ కింద రేకుని యాసిడ్ తినేసి అక్కడినుంచి వెనక సస్పెన్షన్ దాకా పాకుతుంది. ఇంగ్లండ్‌లో అరుదు కూడా. మొదటి కారుగా నేను చెప్పను.

## మధ్య మెట్టు: టీఆర్6, 911

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ట్రయంఫ్ టీఆర్6 ధర 911 కంటే బాగా తక్కువ. కాబట్టి ఇవి ఒకే పర్సుకి పోటీ కావు, ఒకే కోరికకి పోటీ. 6 సిలిండర్ల మోత, ఇద్దరికి సీట్లు, వారాంతం ఊరి బయట రోడ్డు.

టీఆర్6 పక్కా బ్రిటిష్ కారు అనుకుంటాం. దాని ముందు వెనక రూపం దిద్దింది జర్మనీలోని కార్మాన్ కంపెనీ. ఇంగ్లండ్‌లో అమ్మిన కార్లకి లూకాస్ పెట్రోల్ ఇంజెక్షన్ ఉండేది, మొదటి కార్లకి 150 హార్స్‌పవర్ చెప్పేవాళ్లు. అమెరికా కార్లకి కార్బ్యురేటర్లే. ఎండాకాలం ఆ లూకాస్ పంపు వేడెక్కి మొరాయిస్తుంది. ఓనర్లు చేసే మందు ఏమిటో తెలుసా? పంపు తీసేసి బాష్‌ది పెట్టుకోవడం. మొహం జర్మన్‌ది, పంపు జర్మన్‌ది, మధ్యలో ఉన్నది మాత్రం ఇంగ్లిషు మోటు ఇంజిన్.

దీనికో పరీక్ష ఉంది. బానెట్ ఎత్తి ముందున్న క్రాంక్ పుల్లీని చూస్తూ, తోడుగా వచ్చినవాళ్లని క్లచ్ తొక్కమనండి. పుల్లీ ముందుకి వెనక్కి కంటికి కనిపించేంతగా కదిలితే క్రాంక్‌ని ముందుకి వెనక్కి జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు లోపల అరిగిపోయాయి. అవి జారి పడితే క్రాంక్, బ్లాక్ రెండూ పాడవుతాయి. చాసిస్ విడిగా ఉంది కదా అని ధీమా వద్దు. వెనక చక్రాల చేతులు బిగించే చోట, డిఫరెన్షియల్ దగ్గర ఆ చాసిసే తుప్పు పడుతుంది.

911లో కొత్తవాళ్లకి నేను చెప్పేవి రెండే. 1978 మోడల్ నుంచి 1983 దాకా వచ్చిన 3 లీటర్ల ఎస్‌సీ, ఆ తర్వాత 1989 దాకా వచ్చిన కరేరా 3.2. రెండింటికీ జింకు పూత బాడీ. దీనికి ముందు 1974 నుంచి 1977 మధ్య వచ్చిన 2.7 లీటర్ల ఇంజిన్ మెగ్నీషియం కేసుది, వేడికి అందులో స్టడ్లు (ఇంజిన్ భాగాలని బిగించే పొడుగు బోల్టులు) ఊడి వస్తాయి. బాగుచేసిన రుజువు లేకపోతే దూరంగా ఉండండి.

ఎస్‌సీలో టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ గురించి అడగండి. పాత రకం టెన్షనర్ విరిగితే చైన్ వదులై వాల్వులు పిస్టన్లని తాకుతాయి. ఇంజిన్ పోయినట్టే. 3.2లో ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే కొత్త రకం పెట్టారు, దాన్నే పాత ఎస్‌సీలకీ బిగించుకుంటారు. అది బిగించిన బిల్లు ఫైల్లో ఉంటే ఆ కారు ఓనర్ బుద్ధిమంతుడని నమ్మవచ్చు. హెడ్ స్టడ్లు విరగడం ఇంకో జబ్బు, కింది వాల్వ్ కవర్ విప్పితే బయటపడుతుంది. ఆయిల్ చూసే పద్ధతి కూడా వేరు. ఇంజిన్ బాగా వేడెక్కి, చదును నేల మీద ఆన్‌లో ఉండగా డిప్‌స్టిక్ తీసి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోసినవాళ్లు తర్వాత పొగ చూసి బెంబేలెత్తుతారు.

911 ఇంజిన్ వెనక చక్రాల వెనక వేలాడుతుంది. తడి రోడ్డు మీద వంపులో వేగంగా వెళ్తూ, భయపడి యాక్సిలరేటర్ మీంచి చటుక్కున కాలు తీశారో, వెనక భాగం మిమ్మల్ని దాటి ముందుకొస్తుంది. మనలో చాలామందికి భయం వేస్తే కాలు తీయడమే అలవాటు. ఆ అలవాటు పోయేదాకా నెమ్మదిగా నడపాలి. ఆ సంగతి పక్కన పెడితే రోజూ ఆఫీసుకి తీసుకెళ్లగలిగిన పాత స్పోర్ట్స్ కారు ఈ జాబితాలో ఇదొక్కటే. కాకపోతే ఒక్క లెక్క గుర్తుంచుకోండి: 911 ఇంజిన్ పూర్తిగా విప్పి బాగుచేయించే డబ్బుకి చక్కటి ఎంజీబీ వచ్చేస్తుంది.

## పై మెట్టు: ఈ-టైప్, పగోడా

రెండూ జెనీవా మోటార్ షోలోనే జనం ముందుకొచ్చాయి. జాగ్వార్ ఈ-టైప్ 1961 మార్చిలో, పగోడా మొదటి మోడల్ మెర్సిడెస్ 230 ఎస్ఎల్ 1963 మార్చిలో. రెండేళ్ల తేడాతో రెండు దేశాలు స్పోర్ట్స్ కారు అంటే ఏమిటో చెరో జవాబు చెప్పాయి.

ఈ-టైప్ ఒంటిని గీసిన మాల్కమ్ సేయర్ విమానాల లెక్కలు తెలిసినవాడు. పొడుగాటి బానెట్, దాని చివర ఎక్కడో వెనక మీరు. బానెట్, రెక్కలు, ముక్కు అన్నీ ఒకే పెద్ద ముక్కగా ముందుకి లేస్తాయి. అందమంతా ఆ ముక్కలోనే, ఖర్చూ అందులోనే. చుట్టూ సందులు సమానంగా లేకపోతే ఆ కారు ఎక్కడో గుద్దుకుని ఉంటుంది. వెనక బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్‌ని ఆనుకుని ఉంటాయి. సీలు కారితే ఆయిల్ తిన్నగా డిస్కు మీదికే. సరిగా బాగుచేయాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం కిందికి దించాల్సిందే. భాగం ధర వందల్లో ఉంటే కూలీ వేలల్లో.

ఏ ఈ-టైప్? 3.8 లీటర్ల మొదటి కార్లకే కలెక్టర్లు ఎగబడతారు. అందులోనూ బానెట్ గొళ్లేలు బయటికి ఉన్న తొలి కార్ల కోసం మరీను. నడపాలంటే 1964 చివర్లో వచ్చిన 4.2 సిరీస్ 1 మేలు. గేర్లన్నీ సాఫీగా పడతాయి, బ్రేకులూ సీట్లూ బాగుపడ్డాయి. 1966లో చిన్న వెనక సీటున్న 2+2 వచ్చింది. అది చూడటానికి కొంచెం గూని, ధర తక్కువ, చిన్న పిల్లలున్న ఇంటికి పనికొస్తుంది. 1971 నుంచి వచ్చిన వి12 సిరీస్ 3 సాఫీగా పోతుంది, పెట్రోలు తాగుతుంది.

పగోడా పేరు దాని హార్డ్‌టాప్ వల్ల వచ్చింది. మధ్యలో నొక్కినట్టు గుంట ఉంటుంది, గుడి కప్పులా. గీసింది పాల్ బ్రాక్. గుద్దుకున్నప్పుడు ముందు వెనక భాగాలు నలిగి మనుషులున్న చోటు గట్టిగా నిలబడే పద్ధతి స్పోర్ట్స్ కారులోకి వచ్చింది దీంతోనే. 1971 దాకా మూడు ఇంజిన్లతో మొత్తం 48,912 తయారయ్యాయి. 170 హార్స్‌పవర్ ఉన్న చివరి 280 ఎస్ఎల్‌కే గిరాకీ. చాలావాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వేగం కోసం కొంటే నిరాశపడతారు. తలుపు వెడల్పు, సీటు ఎత్తు, చీర కట్టుకున్నవాళ్లు కూడా ఇబ్బంది పడకుండా ఎక్కవచ్చు. ఈ-టైప్‌లోకి దిగడం యోగాసనం.

పగోడాలో మోసం ఎక్కువగా జరిగేది ముందు రెక్కల దగ్గర. అవి వెల్డింగ్ చేసినవి. బానెట్ ఎత్తితే రెక్క అంచు వెంట ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ గుంటలు వరసగా కనిపించాలి. నున్నగా ఉంటే పుట్టీ కింద ఏదో ఉంది. బాష్ ఇంజెక్షన్ పంపు మన డీజిల్ లారీ పంపుకి దగ్గర చుట్టమే, చెడితే విప్పి సరిచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం, వేడెక్కాక తడబడటం, రెండూ ఆ పంపు వైపే వేలు చూపవచ్చు.

నాకైతే చూస్తూ కూర్చోవడానికి ఈ-టైప్ కావాలి, నడపడానికి పగోడా కావాలి. రెండు మాటలూ మా ఇంట్లో ఒప్పుకోరు.

ఇదే మెట్టులో ఆస్టిన్-హీలీ 3000, లోటస్ ఎలాన్ కూడా ఉన్నాయి. హీలీలో కాళ్ల దగ్గర పొయ్యి పెట్టినంత వేడి. ఎలాన్ ఫైబర్ బాడీ, ఈక అంత బరువు, వంపుల్లో దానికి సాటి లేదు. కానీ లోపల ఉక్కు చాసిస్ ఉందన్న సంగతి మరవకండి.

| కారు | తయారైన ఏళ్లు | ఇంజిన్ | ముందు చూడాల్సింది | రిపేరు |
|---|---|---|---|---|
| ఎంజీబీ | 1962–80 | 1.8 లీ., 4 సిలిండర్లు | సిల్ లోపలి పొరలు | ఇంట్లోనే |
| టీఆర్6 | 1968–76 | 2.5 లీ., 6 సిలిండర్లు | క్రాంక్ కదలిక, చాసిస్ వెనక భాగం | ఎక్కువ ఇంట్లో, ఇంజెక్షన్ బయట |
| 911 ఎస్‌సీ | 1978–83 | 3.0 లీ., 6 సిలిండర్లు | టెన్షనర్, హెడ్ స్టడ్లు | స్పెషలిస్ట్ |
| కరేరా 3.2 | 1984–89 | 3.2 లీ., 6 సిలిండర్లు | వాల్వ్ గైడ్లు, సర్వీసు బిల్లులు | స్పెషలిస్ట్ |
| ఈ-టైప్ | 1961–74 | 3.8, 4.2 లీ. 6 సిలిండర్లు, 5.3 లీ. వి12 | ఫ్లోర్, బానెట్ సందులు, వెనక బ్రేకులు | సగం సగం |
| పగోడా | 1963–71 | 2.3, 2.5, 2.8 లీ., 6 సిలిండర్లు | రెక్కల వెల్డింగ్, ఇంజెక్షన్ పంపు | స్పెషలిస్ట్ |

## మీరు ఎవరు, ఎక్కడున్నారు

చేతికి గ్రీజు అంటితే చిరాకు పడేవాళ్లు బ్రిటిష్ కార్ల జోలికి వెళ్లకండి. ప్రతి చిన్నదానికీ గ్యారేజీకి ఇస్తే చవక కారు చవక కాదు. అలాంటివాళ్లు డబ్బు కూడబెట్టుకుని, బిల్లులన్నీ ఉన్న కరేరా 3.2 తీసుకోవడం మంచిది. కారు వీధిలో వానలో నిలబెట్టాల్సిన పరిస్థితైతే బట్ట టాప్ ఉన్నవి వద్దు, కప్పున్న ఎంజీబీ జీటీ చూడండి. ధర పెరుగుతుందని కొనేవాళ్లకి ఒక్క మాట: 2010ల మధ్యలో ఈ-టైప్, పగోడా, 911 ధరలు ఎగబాకి తర్వాత చల్లబడ్డాయి. లాభం వస్తే సంతోషించండి, దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

ఇంగ్లండ్‌లో 40 ఏళ్లు దాటిన కారుకి రోడ్డు ట్యాక్స్ లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటా చేసే ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. నేనైతే ఆ పరీక్ష చేయిస్తూనే ఉంటాను, బ్రేకులు ఇంకొకరు చూడటం మంచిదని. 2021 నుంచి అక్కడ బంకుల్లో మామూలు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు గొట్టాలకి అది పడదు, ఖరీదైన ఈ5 పోయించండి. జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకి హెచ్ నంబర్ ప్లేట్ ఇస్తారు, ట్యాక్స్ ఏడాదికి 191 యూరోలకి కాస్త పైన. అమెరికాకి తెచ్చుకోవాలంటే 25 ఏళ్లు దాటితే చాలు, ఇక్కడ చెప్పినవన్నీ దాటినవే.

హైదరాబాద్‌కో విశాఖకో తీసుకెళ్దామనే ఆలోచన చాలామందికి ఉంటుంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వింటేజ్ కార్లకి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. కానీ ఆ కారుని రోజూ తిప్పడానికి వీల్లేదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ మరమ్మతులకీ మాత్రమే. దిగుమతి సుంకం కారు ధరని మించిపోవచ్చు. ఆ లెక్క వేసుకున్నాకే కంటైనర్ మాట్లాడండి.

ఇక నా పొరపాటు. ఎర్ర కారు వదిలేశాక 1972 ఎంజీబీ జీటీ ఒకటి నచ్చింది. అయస్కాంతం సిల్‌కి గట్టిగా అతుక్కుంది, తలుపులు చక్కగా పడ్డాయి, నేను వెళ్లేసరికి ఇంజిన్ వెచ్చగా ఉండి ఒక్క తిప్పుకి స్టార్ట్ అయింది. మురిసిపోయి డబ్బు ఇచ్చేశాను. మర్నాడు పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేస్తే నీలం పొగ మా వీధంతా కమ్మింది. వాల్వ్ సీళ్లు, గైడ్లు పోయి ఉన్నాయి. అప్పటినుంచి ఏ కారు చూడటానికి వెళ్లినా ముందే ఫోన్ చేసి చెబుతాను, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని. వెళ్లగానే పలకరింపుల కంటే ముందు బానెట్ మీద చేయి పెడతాను.